రెండు వేడి దెబ్బల నడుమ: లక్షద్వీప్ పగడపు దిబ్బల లెక్క

2024 జనవరిలో ప్రధానమంత్రి పర్యటన తరువాత లక్షద్వీప్ పేరు తెలుగు ఇళ్లలో కూడా వేసవి సెలవుల చర్చల్లోకి వచ్చింది. అదే ఏడాది మే నెలలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి గట్టి పగడాల్లో పెద్ద భాగం తీవ్రంగా తెల్లబారిందని ప్రకటించారు. 2025లో వెలువడిన మరొక అధ్యయనం, ఇరవై నాలుగేళ్లలో అక్కడి సజీవ పగడాల విస్తీర్ణం దాదాపు సగానికి పడిపోయిందని చెప్పింది. ఈ వార్తలన్నీ కలగాపులగంగా చేరడంతో, పగడాలు చచ్చిపోయాయని ఒకరు, కొత్తవి నాటితే సరిపోతుందని ఒకరు, దీవులే మునిగిపోతున్నాయని మరొకరు వాదించుకునే పరిస్థితి ఏర్పడింది. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే తెల్లబారడం, చనిపోవడం, కోలుకోవడం, పునరుద్ధరించడం అనేవి నాలుగు వేర్వేరు విషయాలు. వాటిని విడదీసి చూస్తే తప్ప ఏ వాదన ఎంతవరకు నిలుస్తుందో తేలదు.

దీవి దేని మీద నిలబడి ఉంది

లక్షద్వీప్‌లో 36 దీవులుంటే జనావాసం ఉన్నవి పది మాత్రమే. మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించేవారు 64,473 మంది, అంటే చదరపు కిలోమీటరుకు సుమారు రెండు వేల మంది. నేలకు భిన్నంగా, దీవులను ఆనుకుని పగడపు దిబ్బలు చుట్టుముట్టిన లోతు తక్కువ నీళ్లు, అంటే లాగూన్లు, సుమారు 4,200 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్నాయి. అక్కడి మనిషి బతుకు నేల మీద కంటే ఈ నీళ్ల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

పగడం రాయిలా కనిపించినా అది జంతువు. పాలిప్ అనే మెత్తటి చిన్న జీవి సముద్రపు నీటి నుంచి సున్నాన్ని గ్రహించి తన చుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. దాని శరీర కణాల్లో కంటికి కనిపించనంత చిన్న నాచు జీవాలు కాపురం ఉంటాయి. అవి సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకుని అందులో అధిక భాగం పగడానికి ఇస్తాయి. పగడానికి రంగు వచ్చేది కూడా ప్రధానంగా వాటివల్లే. తరతరాల పాలిప్‌లు కట్టిన సున్నపు గూళ్లు ఒకదానిపై ఒకటి పేరుకుంటే ఏర్పడేది దిబ్బ. సముద్రంలో అగ్నిపర్వతం నెమ్మదిగా కుంగిపోతుంటే, దాని అంచున ఉన్న పగడాలు వెలుగు అందే ఎత్తులో ఉండడానికి పైపైకి పెరుగుతూ చివరికి నడిమి కొండ మాయమై ఉంగరంలాంటి దిబ్బ మిగులుతుందని చార్లెస్ డార్విన్ 1842లోనే ప్రతిపాదించాడు. ఇలాంటి ఉంగరాలనే అటాల్ అంటారు. లక్షద్వీప్‌లో అనేకం ఇవే.

అక్కడి చాలా అటాల్‌లలో నేల తూర్పు అంచున, లాగూన్ పడమటి వైపున ఉంటాయి. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం నుంచి లేచే పెద్ద అలలు పడమటి దిబ్బ గట్టు మీద విరిగిపడి, లాగూన్ దాటి ఊరి ఒడ్డుకు చేరేసరికి చిన్న తరంగాలుగా మారిపోతాయి. ఒడ్డున ఉన్న తెల్లటి ఇసుక కూడా దిబ్బ ఇచ్చిందే: విరిగిన పగడం, గుల్లలు, చిలక చేపలు పగడపు రాతిని కొరికి నమిలి విసర్జించిన పొడి కలిసి ఆ ఇసుక అవుతాయి. నదులు, కొండలు లేని ఈ దీవుల్లో వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి పైన పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. బావుల్లో ఊరేది ఆ నీరే. ఒడ్డు కోసుకుపోతే ఆ పొర కుంచించుకుపోతుంది. కాబట్టి దిబ్బ బలహీనపడితే అలల అడ్డు, ఇసుక, తాగునీరు మూడూ ఒకేసారి ఇబ్బందిలో పడతాయి.

"దీవులు మునిగిపోతున్నాయి" అనే మాటకు ఇక్కడే కొంత వివరణ అవసరం. లక్షద్వీప్‌లో బంగారం అనే పేరున్న అటాల్‌లోని పరలి-1 అనే చిన్న నిర్జన దీవి పూర్తిగా కోతకు గురై కనుమరుగైందని 2017లో ఒక పరిశోధన వెల్లడించింది. మరోవైపు పసిఫిక్‌లోని తువాలులో నాలుగు దశాబ్దాల కాలాన్ని పరిశీలించిన 2018 నాటి అధ్యయనం, సముద్రమట్టం పెరుగుతున్నప్పటికీ అక్కడి మొత్తం నేల 2.9 శాతం పెరిగిందని తేల్చింది. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. అటాల్ దీవి స్థిరమైన రాతి ముక్క కాదు, అలలు తెచ్చిపోసే ఇసుకతో ఒకచోట పెరుగుతూ మరోచోట తరుగుతూ ఉండే కుప్ప. దిబ్బ సజీవంగా ఉండి ఇసుక సరఫరా చేస్తున్నంతకాలం ఆ కుప్పకు తనను తాను సర్దుకునే అవకాశం ఉంటుంది. తువాలు అంకెను చూపి సముద్రమట్టం గురించి బెంగ అక్కర్లేదనేవారు ఈ షరతును వదిలేస్తున్నారు.

తెల్లబారిన పగడం ఇంకా బతికే ఉంటుంది

నీరు అలవాటైన దానికంటే ఎక్కువ వేడెక్కితే పగడానికీ దాని కణాల్లోని నాచుకూ మధ్య పొత్తు చెడుతుంది. వేడికి నాచు జీవాలు హానికర రసాయనాలను విడుదల చేయడం మొదలుపెడతాయి, పగడం వాటిని బయటికి నెట్టేస్తుంది. రంగు ఇచ్చే నాచు పోవడంతో పారదర్శకమైన చర్మం గుండా లోపలి సున్నపు గూడు తెల్లగా కనిపిస్తుంది. దీనినే తెల్లబారడం అంటున్నారు. ఈ దశలో పగడం ఆకలితో ఉంటుంది గానీ చనిపోలేదు. నీరు త్వరగా చల్లబడితే నాచు మళ్లీ చేరుతుంది, పగడం తేరుకుంటుంది. వేడి వారాల తరబడి కొనసాగితే చనిపోతుంది. చనిపోయిన గూటిపై కొద్ది రోజుల్లోనే మట్టిరంగు, ఆకుపచ్చ నాచు పొర పేరుకుంటుంది. అందువల్ల మెరిసే తెలుపును చూసి చావు అనుకోవడమూ, మాసిన ఆకుపచ్చను చూసి కోలుకుంది అనుకోవడమూ రెండూ పొరపాట్లే. తొలిసారి నీటిలోకి దిగి చూసినవారు ఈ రెండో పొరపాటు తరచుగా చేస్తారు.

వేడి ఎంత పడిందో కొలవడానికి శాస్త్రవేత్తలు వాడే కొలమానం "డిగ్రీ హీటింగ్ వీక్స్". తెలుగులో దీనిని వేడి వారాలు అందాం. ఒక ప్రాంతంలో మామూలు ఏడాదిలో అతి వేడి నెల సగటు ఉష్ణోగ్రతను హద్దుగా తీసుకుంటారు. నీరు ఆ హద్దును కనీసం ఒక డిగ్రీ దాటిన వారాలను మాత్రమే లెక్కలోకి తీసుకుని, గడిచిన పన్నెండు వారాల మొత్తాన్ని కూడుతారు. ఉదాహరణకు ఒకచోట హద్దు 29.5 డిగ్రీలు అనుకుందాం. రెండు వారాలు 30.2 డిగ్రీలు ఉంటే లెక్కలో చేరేది సున్నా, ఎందుకంటే అధికం 0.7 డిగ్రీలే. ఆ తరువాత నాలుగు వారాలు 31 డిగ్రీలు ఉంటే 1.5ను నాలుగుతో హెచ్చవేయగా 6 వస్తుంది. మరో రెండు వారాలు 30.5 డిగ్రీలు ఉంటే ఇంకో 2 కలిసి మొత్తం 8 అవుతుంది. సాధారణంగా 4 దాటితే చెప్పుకోదగిన స్థాయిలో తెల్లబారడం, 8 దాటితే చావులు మొదలవుతాయని అంచనా. లక్షద్వీప్‌లో 2023 అక్టోబరు చివరి నుంచి సాగిన సముద్ర వడగాలి వల్ల, అంటే సముద్రపు నీరు చాలాకాలం మామూలుకంటే వేడిగా ఉండిపోవడం వల్ల, ఈ విలువ 4ను దాటిందని మత్స్య పరిశోధన సంస్థ తెలిపింది.

భారత తీరాల పగడాలకు ఈ లెక్క కట్టి హెచ్చరికలు ఇచ్చే పని హైదరాబాద్‌లో జరుగుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. ప్రగతినగర్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, మనకు సునామీ హెచ్చరికల ద్వారా పరిచయమైన ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల ఆధారంగా అండమాన్, నికోబార్, లక్షద్వీప్, కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖలకు 2011 నుంచి పగడాల హెచ్చరికలు వెలువరిస్తోంది. హెచ్చరిక వల్ల నీరు చల్లబడదు. అయితే ఎప్పుడు ఎక్కడ నీటిలోకి దిగి చూడాలో పరిశోధకులకు, ఏ దిబ్బ దగ్గర కొన్నాళ్లు లంగరు వేయనివ్వకూడదో అధికారులకు ముందే తెలుస్తుంది.

37 నుంచి 19.6: ఆ అంకెల్లో ఏముంది

మైసూరు కేంద్రంగా పనిచేసే నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు అగత్తి, కద్మత్, కవరత్తి అటాల్‌లను 1998 నుంచి 2022 వరకు గమనించి, సజీవ పగడాల విస్తీర్ణం 37.24 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గినట్టు చెప్పారు. విస్తీర్ణం అంటే, దిబ్బ మీద కొలిచిన జాగాలో ఎంత భాగాన్ని బతికి ఉన్న పగడం కప్పి ఉందన్నది. 37 శాతం ఉందంటే మిగతా 63 శాతం చచ్చిపోయిందని కాదు. ఇసుక, రాయి, స్పాంజీలు, సున్నపు నాచు వంటివి ఆరోగ్యకరమైన దిబ్బ మీద కూడా చోటు తీసుకుంటాయి. తగ్గుదలను 17.64 శాతం పాయింట్లు అనవచ్చు, లేదా మొదట ఉన్నదానిలో 47 శాతం పోయింది అనవచ్చు. రెండూ నిజమే. ఒక వార్తలో 18 అనీ మరో వార్తలో దాదాపు సగం అనీ కనిపిస్తే అది ఈ తేడా వల్లే.

అదే పరిశోధనలోని మరో సంగతికి వార్తల్లో అంత ప్రాధాన్యం దక్కలేదు గానీ, నా దృష్టిలో అసలు విషయం అదే. 1998, 2010, 2016 సంవత్సరాల్లో మూడు పెద్ద వేడి దెబ్బలు తగిలాయి. దెబ్బ దెబ్బకూ చావుల తీవ్రత తగ్గుతూ వచ్చింది, బహుశా తట్టుకోలేని రకాలు ముందే పోయి గట్టి రకాలు మిగలడం వల్ల. అయినా మొత్తం విస్తీర్ణం తగ్గుతూనే ఉంది, ఎందుకంటే కోలుకునే వేగం కూడా పడిపోయింది. దెబ్బ తరువాత దాదాపు ఆరేళ్లు ప్రశాంతంగా గడిస్తే తప్ప చెప్పుకోదగిన పెరుగుదల మొదలుకావడం లేదని వారు గమనించారు. అంటే లక్షద్వీప్‌లో అన్నిటికంటే కరువైన వస్తువు రెండు దెబ్బల నడుమ దొరికే సమయం.

విరామం ఎందుకు అంత ముఖ్యమో ఒక చిన్న లెక్క

కింది అంకెలు ఏ దిబ్బ మీదా కొలిచినవి కావు, విషయం తేటపడడానికి కల్పించుకున్నవి. ఒక దిబ్బ మీద 40 శాతం సజీవ పగడం ఉందని, ప్రతి వేడి దెబ్బకూ ఉన్నదానిలో సగం పోతుందని, ఆ తరువాత ఏటా 3 శాతం పాయింట్ల చొప్పున పెరుగుతుందని అనుకుందాం. దెబ్బల మధ్య ఏడేళ్లు ఉంటే 40 కాస్తా 20కి పడి, ఏడేళ్లలో 41కి చేరుతుంది. ఎన్ని దెబ్బలు తగిలినా ఈ దిబ్బ నిలుస్తుంది. అదే విరామం నాలుగేళ్లయితే 40 నుంచి 20, మళ్లీ 32. అక్కడినుంచి 16, మళ్లీ 28. ఆపై 14, మళ్లీ 26. ఇలా జారుతూ జారుతూ 24 దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు విరామాన్ని నాలుగేళ్లుగానే ఉంచి, మురుగు వల్లనో నాచు తినే చేపలు తగ్గడం వల్లనో పెరుగుదల ఏటా 3 బదులు ఒకటిన్నరకు పడిపోయిందనుకుంటే, దిబ్బ ఆగేది 12 దగ్గర. పెరుగుదలను 3గానే కాపాడుకుని విరామం మాత్రం రెండేళ్లకు తగ్గినా సరిగ్గా అదే 12. అంటే దీవివాసులు లాగూన్‌ను శుభ్రంగా ఉంచుకుని సంపాదించిన లాభమంతటినీ, ప్రపంచం వేడెక్కి విరామం సగమవడం ఒక్క దెబ్బలో తుడిచిపెట్టగలదు. అదే సమయంలో, విరామం ఎంత ఉన్నా, స్థానికంగా జాగ్రత్తపడిన దిబ్బ జాగ్రత్తపడని దానికి రెట్టింపు పగడంతో ఉంటుంది.

పగడాల విషయంలో ఏళ్ల తరబడి సాగుతున్న వాదం ఈ రెండు వాక్యాల మధ్యే ఉంది. ఒక వర్గం, భూతాపం 1.5 డిగ్రీలకు చేరితే ప్రపంచ పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలకు చేరితే 99 శాతానికి పైగా క్షీణిస్తాయన్న ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం) 2018 నివేదికను చూపి, కర్బన ఉద్గారాలను తగ్గించకుండా స్థానిక చర్యలు తీసుకోవడం కంటితుడుపేనంటుంది. ఇంకో వర్గం, ఉద్గారాల సంగతి 64 వేల మంది చేతిలో లేదు గనుక వాళ్ల చేతిలో ఉన్నవాటిని చూడమంటుంది. 2023లో మొదలైన నాలుగో ప్రపంచవ్యాప్త తెల్లబారుడు ఇప్పటికే ప్రపంచ దిబ్బల విస్తీర్ణంలో 84 శాతాన్ని తాకింది కాబట్టి మొదటి వర్గం ఆందోళనను కొట్టిపారేయలేం. కానీ పై లెక్కను బట్టి రెండో వర్గం చెప్పేది వృథా ప్రయాస ఎంతమాత్రం కాదు.

దీవి చేతిలో ఉన్నవి

లక్షద్వీప్‌కు ఒక అదృష్టం ఉంది. అక్కడి మత్స్యకారుల ప్రధాన వేట దిబ్బ చేపలు కాదు, బయటి సముద్రంలో తిరిగే టూనా. పట్టే పద్ధతి కూడా విశిష్టమైనది. తెల్లవారకముందో ముందురోజో లాగూన్‌లో చిన్న ఎర చేపలను వలతో పట్టి, పడవలోని నీటి తొట్టిలో ప్రాణాలతో ఉంచుతారు. టూనా గుంపు కనిపించగానే ఎర చేపలను గుప్పిళ్లతో నీటిలోకి చల్లి, పైనుంచి నీళ్లు చిమ్ముతారు. చిన్న చేపల గుంపు ఎగురుతోందని భ్రమపడి టూనా ఎగబడుతుంటే, పడవ వెనుక వరుసగా నిలబడిన వాళ్లు ముల్లు లేని గాలం కట్టిన కర్రలతో ఒక్కో చేపనూ తల మీదుగా పడవలోకి విసురుతారు. ముల్లు లేకపోవడంతో చేప పడవలో పడుతూనే గాలం దానంతటదే ఊడిపోతుంది, కర్ర మరుక్షణం మళ్లీ నీటి మీద ఉంటుంది. పట్టిన దానిలో కొంత ఉడికించి, పొగపట్టి, ఎండబెట్టి మాస్ అనే గట్టి ఎండుచేపగా మారుస్తారు. మినికాయ్‌లో తరాలుగా ఉన్న ఈ పద్ధతిని 1960ల నుంచి మత్స్యశాఖ యాంత్రిక పడవలతో పాటు మిగతా దీవులకూ వ్యాపింపజేసింది.

దీనివల్ల అనుకోకుండా దిబ్బలకు మేలు జరిగింది. జనసాంద్రత ఇంత ఉన్న దీవుల్లో దిబ్బ చేపలు సాధారణంగా ఎప్పుడో ఖాళీ అయ్యేవి. ఇక్కడ జనం గాలాలు బయటి సముద్రం వైపు మళ్లడంతో చిలక చేపలు, ఇతర నాచు మేసే చేపలు మిగిలాయి. వేడి దెబ్బ తరువాత చనిపోయిన పగడం మీద నాచు మందంగా పెరగకుండా ఇవి మేస్తేనే, నీటిలో కొట్టుకొచ్చే పగడపు పిల్లలకు అతుక్కోవడానికి శుభ్రమైన రాయి దొరుకుతుంది. వార్షిక పెరుగుదల 3గా ఉండాలా ఒకటిన్నరగా ఉండాలా అన్నది నిర్ణయించే శక్తుల్లో ఈ చేపలు ముఖ్యమైనవి.

ఈ పరిస్థితి ఇలాగే ఉంటుందన్న హామీ మాత్రం లేదు. ప్రధాన భూభాగం నుంచి దిబ్బ చేపలకు, ముఖ్యంగా గ్రూపర్‌లకు, గిరాకీ పెరుగుతోంది. గ్రూపర్‌ల విషయంలో ప్రమాదం మరీ ఎక్కువ: ఇవి గుడ్లు పెట్టడానికి ఏటా అవే రోజుల్లో, అమావాస్య దరిదాపుల్లో, అవే కొన్ని చోట్ల వేల సంఖ్యలో గుమిగూడుతాయి. బిత్రా దీవి దగ్గర ఇలాంటి కూడలిని పరిశోధకులు నమోదు చేశారు. ఆ కొద్ది రోజులూ ఆ ఒక్క చోట వేటాడితే, చుట్టుపక్కల దిబ్బల మీది సంతానాన్నంతా తుడిచిపెట్టినట్టే. అలాగే ఎర చేపలు బతికేది కూడా లాగూన్‌లోని కొమ్మల పగడాల మధ్యనే కాబట్టి, దిబ్బ దెబ్బతింటే దిబ్బ మీద ఆధారపడదనుకున్న టూనా వేట కూడా తొట్టిలో ఎర లేక కుంటుపడుతుంది.

మురుగు సంగతి ఇంత ఆసక్తికరంగా ఉండదు, కానీ అంతే ముఖ్యం. ఇసుక నేలలోని మరుగుదొడ్ల గుంతల నుంచి ఊరే నీరు ఒకవైపు బావుల్లోకి, ఇంకోవైపు లాగూన్‌లోకి చేరుతుంది. అందులోని పోషకాలు నాచుకు ఎరువు, పగడానికి చేటు.

చట్టం తన వంతు కొంత చేసింది. 2001లో గట్టి పగడాలనూ సముద్ర దోసకాయలనూ వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలులో చేర్చారు, అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ వర్తిస్తుంది. సముద్ర దోసకాయలు అడుగున ఇసుకను మింగి శుభ్రపరచి వదిలే జీవులు; వాటి అక్రమ రవాణా బయటపడిన తరువాత 2020లో చెరియపాని దిబ్బ చుట్టూ వాటి కోసమే ఒక సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించారు. అయితే చట్టం పగడాన్ని పెకిలించేవాడిని పట్టుకోగలదు గానీ వేడి నీటిని, ఊరే మురుగును పట్టుకోలేదు.

ఒక జీవిని కాపాడితే మరొకటి తగ్గినప్పుడు

సంరక్షణ ఎప్పుడూ ఒకే దిశలో నడవదనడానికి అగత్తి లాగూన్ మంచి ఉదాహరణ. ఒకప్పుడు పడవలకు పూయడానికి నూనె కోసం ఇక్కడ తాబేళ్లను వేటాడేవారు. చట్టం ఆ వేటను ఆపింది. ఆ తరువాత ఆకుపచ్చ సముద్ర తాబేళ్లు పెద్ద సంఖ్యలో చేరి, లాగూన్ అడుగున ఉన్న సముద్రపు గడ్డిని మొదలంటా మేసేశాయి. ఆ గడ్డిలో పెరిగే చేపలు తగ్గాయి. తమ చేపలు పోవడానికి తాబేళ్లే కారణమని మత్స్యకారులు అంటే, దానిని అజ్ఞానమని కొట్టిపారేయడానికి వీల్లేదు. పరిశోధకుల కొలతలు కూడా గడ్డి క్షీణతకు తాబేళ్ల మేతే కారణమని చెబుతున్నాయి. తాబేళ్లను తినే పెద్ద సొరచేపలు తగ్గిపోవడం దీనికి ఒక కారణం కావచ్చు. తాబేలును కాపాడడం తప్పని దీని అర్థం కాదు. ఒక దీవి జనం పోగొట్టుకున్నది ఎక్కడా లెక్కకు రాకపోతే, తరువాత వచ్చే నిషేధాన్ని వాళ్లు నమ్మరు.

పగడాలు నాటడం ఎక్కడ పనికొస్తుంది

పునరుద్ధరణ పద్ధతుల్లో ఎక్కువగా వినిపించేది వరి నారుమడి లాంటిది. ఆరోగ్యంగా ఉన్న పగడం నుంచి చిన్న ముక్కలు విరిచి, నీటిలో తాళ్లకో చట్రాలకో కట్టి కొన్ని నెలలు పెంచి, తరువాత దెబ్బతిన్న దిబ్బ మీద నాటుతారు. రెండో పద్ధతిలో ఇనుప చట్రానికి అతి తక్కువ వోల్టేజీ కరెంటు ఇచ్చి, దాని మీద సున్నపు పొర పేరుకునేలా చేస్తారు. 2020లో గుజరాత్‌లోని మిఠాపూర్ దగ్గర భారత జంతు సర్వేక్షణ సంస్థ ఈ బయోరాక్ పద్ధతిని ప్రయత్నించింది. మూడోది కాంక్రీటు దిమ్మెలతో కృత్రిమ దిబ్బ. తమిళనాడులోని మన్నార్ సింధుశాఖలో పగడాల తవ్వకం వల్ల రెండు దీవులు మునిగిపోగా, తూత్తుకుడి దగ్గరి వాన్ దీవి కూడా అదే దారిలో ఉండడంతో, అలల ఉధృతిని తగ్గించడానికి అక్కడ ఇలాంటి దిమ్మెలను దించారు.

ఈ పద్ధతులు బాగా ఫలించిన చోట్లు ఉన్నాయి. ఇండోనేషియాలోని దక్షిణ సులవేసిలో బాంబులు వేసి చేపలు పట్టడం వల్ల దిబ్బలు రాళ్లకుప్పలయ్యాయి. అలల తాకిడికి ఆ ముక్కలు నిత్యం దొర్లుతూ ఉంటే వాటిపై పగడపు పిల్ల అతుక్కున్నా నలిగిపోతుంది. అందువల్ల దశాబ్దాలు గడిచినా అవి వాటంతట అవి కోలుకోలేదు. అక్కడ ఆరు కోణాల ఇనుప చట్రాలను ఒకదానికొకటి బిగించి, వాటికి పగడపు ముక్కలు కట్టారు. నాలుగేళ్లలో ఆ దిబ్బలు ఆరోగ్యకరమైన దిబ్బలతో సమానంగా సున్నం కూడబెట్టే స్థాయికి వచ్చాయని 2024 నాటి అధ్యయనం తేల్చింది. కారణం స్పష్టం: అక్కడ అడ్డంకి దొర్లే రాయి, చట్రం ఆ అడ్డంకినే తొలగించింది.

దీనికి ఎదురు ఉదాహరణ ఫ్లోరిడా. 2023 జూలైలో సముద్రపు నీరు విపరీతంగా వేడెక్కినప్పుడు, సోంబ్రెరో దిబ్బ దగ్గర ఏళ్ల శ్రమతో నాటి పెంచిన పగడాలు మొత్తంగా చనిపోయి కనిపించాయని పునరుద్ధరణ చేసిన సంస్థే ప్రకటించింది. అక్కడ అడ్డంకి వేడి, దాన్ని నాట్లు తొలగించలేదు.

ఖర్చు కూడా చూడాలి. ప్రపంచవ్యాప్తంగా ప్రచురితమైన ప్రాజెక్టులను 2019లో సమీక్షించినప్పుడు, హెక్టారుకు మధ్యస్థ ఖర్చు సుమారు నాలుగు లక్షల డాలర్లని, ప్రాజెక్టు మధ్యస్థ పరిమాణం వంద చదరపు మీటర్లేనని, నాటిన వాటిలో దాదాపు 61 శాతం బతికాయని తేలింది. చదరపు కిలోమీటరుకు వంద హెక్టార్లు కనుక, ఆ లెక్కన ఒక్క చదరపు కిలోమీటరు దిబ్బకు నాలుగు కోట్ల డాలర్లు కావాలి. లేదా సగటు ప్రాజెక్టుల్లాంటివి పదివేలు జరగాలి. పద్ధతిని బట్టి ఖర్చు దీనికి ఎన్నో రెట్లు తక్కువగానూ, ఎన్నో రెట్లు ఎక్కువగానూ ఉండవచ్చు. ఎంత తగ్గించి వేసినా లక్షద్వీప్ దిబ్బలన్నిటినీ చేత్తో నాటి నిలబెట్టడం అయ్యే పని కాదు. పైగా చాలా ప్రాజెక్టులను ఏడాదిన్నరకు మించి గమనించలేదని మరో సమీక్ష చెబుతోంది. "పదివేల పగడాలు నాటాం" అన్న వార్తలో నాటిన రోజు అంకె ఉంటుంది, రెండు వేసవులు గడిచాక మిగిలిన అంకె ఉండదు.

లక్షద్వీప్‌లో మరో చిక్కు కూడా ఉంది. పడమటి వైపు అలల తాకిడి ఎక్కువున్న దిబ్బల మీద బల్లపరుపు పగడాలు దెబ్బ తరువాత వేగంగానే మొలుస్తాయి. కానీ అవి మొలిచిన పాత గూళ్లు అప్పటికే గుల్లబారి ఉండడంతో, కొంత పెద్దవయ్యాక రుతుపవనాల అలలకు ఊడి దొర్లిపోతాయి. ఇక్కడ కొరత పగడపు పిల్లలది కాదు, గట్టి పునాదిది. ఇలాంటి చోట మరిన్ని ముక్కలు తెచ్చి నాటితే అవి కూడా అదే అలకు కొట్టుకుపోతాయి. ఓడ ఢీకొన్న చోట, పడవల దారి కోసం దిబ్బను తవ్విన చోట, ఎర చేపలు దొరికే లాగూన్‌లోని కొద్దిపాటి పగడాల దగ్గర మాత్రం నాట్లకు అర్థం ఉంటుంది.

పర్యాటకంపై రెండు వాదనలు

మినికాయ్, సుహేలి, కద్మత్‌లలో ఒడ్డున, లాగూన్ నీటి మీద విల్లాలు కట్టాలన్న ప్రభుత్వ ప్రతిపాదనను సమర్థించేవారి వాదన తేలికైనది కాదు. కొబ్బరి, టూనా, ప్రభుత్వ ఉద్యోగం తప్ప మరో ఆధారం లేక చదువుకున్న యువకులు ప్రధాన భూభాగానికి వలస పోతున్నారు. పక్కనే ఉన్న మాల్దీవులు ఇవే పగడాలు, ఇదే ఇసుకతో దేశాన్ని నడుపుకుంటున్నాయి. ఆరోగ్యంగా ఉన్న దిబ్బను చూడడానికి పర్యాటకుడు డబ్బు చెల్లిస్తే దిబ్బను కాపాడడానికి అదే ఒక కారణమవుతుంది కూడా.

పరిశోధకుల అభ్యంతరం పర్యాటకం మీద కంటే దాని పరిమాణం, చోటుల మీద. మాల్దీవుల్లో దాదాపు 1,200 దీవులున్నాయి, ఒక్కో రిసార్టుకు ఒక నిర్జన దీవిని కేటాయించే వెసులుబాటు వారికి ఉంది. 32 చదరపు కిలోమీటర్ల లక్షద్వీప్‌కు అది లేదు. లాగూన్‌లో స్తంభాలు దిగిన చోట ఇసుక కదలిక మారుతుంది, పైకప్పు నీడ పడిన చోట పగడానికీ గడ్డికీ వెలుగు అందదు, మురుగు అదే నీటిలో కలుస్తుంది. ఎర చేపలు పట్టే చోటే విల్లాలకు అనువైన ప్రశాంతమైన నీరు కూడా కావడంతో, దానిపై హక్కు ఎవరిదన్న ప్రశ్న తలెత్తుతుంది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ రవీంద్రన్ కమిటీ ఈ కారణంగానే స్థానికులతో సంప్రదించి, దీవి భరించగల సామర్థ్యాన్ని లెక్కగట్టి తయారుచేసే సమగ్ర దీవి నిర్వహణ ప్రణాళికకు లోబడి నిర్మాణాలు జరగాలని చెప్పింది.

ఈ వాదంలో కాలం లెక్కను ఇరువైపులవారూ పెద్దగా ప్రస్తావించడం లేదు. 2016 తరువాత దిబ్బలకు ఎనిమిదేళ్ల విరామం దొరికింది, 2024 వేడి దానిని ముగించింది. పెరుగుదల పుంజుకోవడానికి ఆరేళ్ల ప్రశాంతత కావాలన్న పరిశీలన ఇప్పటికీ వర్తిస్తే, మరో దెబ్బ తగలకుండా ఉన్నా, ఆ గడువు 2030కి గానీ పూర్తికాదు. ప్రతిపాదనల్లో ఉన్న విల్లాలు, జెట్టీలు, అగత్తి విమానాశ్రయ విస్తరణ పనులన్నీ మొదలుపెట్టాలనుకుంటున్నది సరిగ్గా ఈ ఆరేళ్లలోనే.